మేఘానికి పైన వెలిగే ఎర్రని మెరుపు

మెరుపు ఎప్పుడూ కిందికే ఎందుకు వస్తుంది, మేఘానికి పైనున్న ఆకాశంలో ఏమీ జరగదా అని ఒక పాఠకురాలు అడిగారు. తప్పకుండా జరుగుతుంది. పెద్ద ఉరుముల మేఘాలకు ఎంతో పైన, 50 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తుల మధ్య, ఊడలు దిగిన మర్రిచెట్టును తలపించే ఎర్రని వెలుగులు కొన్ని మిల్లీసెకన్ల పాటు విచ్చుకుని మాయమవుతాయి. వీటిని స్ప్రైట్లు అంటారు. అవి అంత ఎత్తునే ఎందుకు పుడతాయో వివరించే వాదన, నేను చదివిన భౌతికశాస్త్రంలో నాకు అత్యంత ఇష్టమైన వాటిలో ఒకటి.

మేఘంలో విద్యుదావేశం పోగయ్యే తీరును క్లుప్తంగా చెప్పి ముందుకు సాగుతాను. రెండు మేఘాలు ఢీకొంటే మెరుపు పుడుతుందని పిల్లలకు ఇప్పటికీ చెప్పడం విచారకరం. నిజానికి ఒకే మేఘం లోపల, పైకి లేచే సన్నని మంచు స్ఫటికాలు బరువైన మంచు గుళికలను తాకుతూ పోతాయి. ఆ తాకిడుల్లో సాధారణంగా స్ఫటికాలకు ధనావేశం, గుళికలకు ఋణావేశం దక్కడంతో మేఘం పైభాగం ధనాత్మకంగా, కింది భాగం ఋణాత్మకంగా మారుతుంది.

1925లో సి.టి.ఆర్. విల్సన్ అనే స్కాట్లాండు భౌతిక శాస్త్రవేత్త, ఎత్తుతో పాటు తగ్గే రెండు రాశులను పక్కపక్కన పెట్టి చూశారు. మొదటిది మేఘంలోని ఆవేశం కలిగించే విద్యుత్ క్షేత్రం. నేల విద్యుద్వాహకం కనుక మేఘంలోని ఆవేశమూ నేలలో దాని ప్రతిబింబంలా ఏర్పడే వ్యతిరేకావేశమూ కలిసి ఒక ద్విధ్రువంగా, అంటే సమానమైన ధన, ఋణావేశాల జంటగా, పనిచేస్తాయి; దూరం రెట్టింపయితే ఆ క్షేత్రం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. రెండోది గాలి తట్టుకోగల క్షేత్రం. స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్ ఒక తాకిడికీ మరో తాకిడికీ మధ్య ఎంత దూరం పరుగెత్తగలిగితే అంత శక్తిని కూడగట్టుకుని, ఎదురైన అణువు నుంచి మరో ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది. గాలి పలచబడే కొద్దీ ఆ పరుగు పొడవు పెరుగుతుంది కనుక, బలహీనమైన క్షేత్రం కూడా ఆ పనికి చాలుతుంది. ఇలా ఎలక్ట్రాన్లు ఊడిపోతూ గాలి విద్యుత్తును ప్రవహింపజేసే స్థితికి రావడాన్నే గాలిని ఛేదించడం అంటున్నాను. గాలి అణువుల విషయంలోనే చూస్తే, రెండు తాకిడుల నడుమ సగటు దూరం సముద్ర మట్టం వద్ద మిల్లీమీటరులో పదివేలవ వంతు కూడా ఉండదు. 80 కిలోమీటర్ల ఎత్తున అది సుమారు 4 మిల్లీమీటర్లు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక బలమైన పిడుగు 10 కిలోమీటర్ల ఎత్తు నుంచి 100 కులూంబుల ఆవేశాన్ని నేలకు దించిందనుకుందాం. 40 కిలోమీటర్ల ఎత్తున గాలిని ఛేదించడానికి మీటరుకు దాదాపు 10,000 వోల్టులు కావాలి, అక్కడ ఏర్పడే క్షేత్రం 600 వోల్టులకు కూడా చేరదు. 80 కిలోమీటర్ల వద్ద ఆ క్షేత్రం 70 వోల్టులకు పడిపోతుంది. కానీ గాలి సాంద్రత ఈ మధ్యలో 200 రెట్లకు పైగా తగ్గినందువల్ల అక్కడ 45 వోల్టులే సరిపోతాయి. రెండూ తగ్గుతూనే ఉన్నా, గాలి నిరోధం మరింత వేగంగా తగ్గి, ఒకచోట క్షేత్రం కంటే దిగువకు చేరుతుంది. మేఘానికి దగ్గరలో లేని వెలుగు అంత దూరాన పుట్టడానికి ఇదే కారణం.

అలాగైతే మేఘం ఉన్నంతసేపూ ఆ వెలుగు కనబడాలి కదా అనే సందేహం సహజం. పై గాలికి కొంత వాహకత, అంటే విద్యుత్తును ప్రవహింపనిచ్చే గుణం, ఉంది. మేఘంలో ఆవేశం నిదానంగా పెరుగుతున్నప్పుడు అక్కడి అయాన్లు (ఆవేశం గల కణాలు) తగినట్లు సర్దుకుని దాని క్షేత్రాన్ని రద్దు చేస్తాయి. పిడుగు ఆ ఆవేశాన్ని హఠాత్తుగా తీసుకుపోయినప్పుడు, సర్దుకున్న అయాన్లు అంత త్వరగా కదలలేవు, ఎదురులేని వాటి క్షేత్రమే పై గాలిని ఛేదిస్తుంది. ఆ విధంగా, లేకుండా పోయిన ఆవేశమే స్ప్రైటును వెలిగిస్తుంది. ఇంకా పైకి పోతే వాహకత మరీ ఎక్కువై క్షేత్రం వెంటనే అణగిపోతుంది కనుక, వెలుగు ఎక్కువగా 70, 80 కిలోమీటర్ల ప్రాంతంలో మొదలై కిందికీ పైకీ పాకుతుంది. నేలకు చేరే పిడుగుల్లో సుమారు పదో వంతే అయినా, ఎక్కువ ఆవేశాన్ని మోసుకొచ్చే ధనావేశపు పిడుగులే దాదాపు అన్ని స్ప్రైట్లకూ మూలం.

మేఘాలకు ఎంతో పైన గాలిని క్షేత్రం ఛేదించగలదన్న విల్సన్ ఊహకు ఛాయాచిత్ర సాక్ష్యం 1989 జూలైలో ఒక రాత్రి అనుకోకుండా దొరికింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ వింక్లర్ బృందం రాకెట్ ప్రయోగం కోసం మసక వెలుగులో పనిచేసే కెమెరాను పరీక్షిస్తుండగా, దూరపు తుఫాను మేఘంపై రెండు వెలుగు స్తంభాలు నమోదయ్యాయి. మేఘాల పైన వింత కాంతులు చూశామని 19వ శతాబ్దం నుంచే కొందరు రాసిపెట్టారు, వాటిని చాలామంది భ్రమగా కొట్టిపారేశారు. దయ్యాల పేరు చెప్పి నమ్మడం ఎంత తప్పో, కారణం తెలియనంత మాత్రాన చూసినవారి మాటను తోసిపుచ్చడమూ అంతే తప్పని నేను భావిస్తాను.

ఎరుపు రంగు కూడా ఆ పలచదనం పుణ్యమే. ఎలక్ట్రాన్ల తాకిడికి ఉత్తేజితమైన నత్రజని అణువు ఎర్రని కాంతిని వెలువరించడానికి కొన్ని మైక్రోసెకన్ల వ్యవధి కావాలి. 70 కిలోమీటర్ల ఎత్తున ఆ వ్యవధి దొరుకుతుంది; 50 కిలోమీటర్ల కంటే దిగువన మరో అణువు ముందే వచ్చి ఢీకొని ఆ శక్తిని లాగేసుకుంటుంది. అదే నత్రజని వెలువరించే నీలి కాంతికి అంత వ్యవధి అక్కరలేదు కనుక, స్ప్రైటు కిందికి వేలాడే ఊడల చివరలు నీలంగా ఉంటాయి.