ఉద్యోగం మానేస్తేనే సేవా? కృపావరాల మీద అపోహలు - వాస్తవాలు

ఉజ్జీవ సభలు (చర్చిలో విశ్వాసాన్ని రగిలించే ప్రత్యేక కూటాలు) ముగిసిన వారంలో సంఘ పెద్దల దగ్గరికి తప్పకుండా వచ్చే మాట ఒకటుంది: "అయ్యగారూ, దేవుడు నన్ను పిలిచాడు. ఉద్యోగం మానేసి సేవలోకి వచ్చేస్తాను." అనేవాళ్లు ఎక్కువగా నర్సులు, అకౌంటెంట్లు, ఎలక్ట్రీషియన్లు, ప్రైవేటు స్కూలు టీచర్లు. వాళ్ల సమర్పణలో కల్మషం లేదు. వాళ్ల చెవిలో పడిన బోధలోనే ఉంది చిక్కంతా.

అపోహ: దేవుడిచ్చిన కృపావరాన్ని, అంటే ఇతరులకు సేవ చేయడానికి ఆయన ఇచ్చిన సామర్థ్యాన్ని, పూర్తిగా వాడాలంటే ఉద్యోగం వదిలేయాలి.

వాస్తవం: పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు (అపొస్తలుల కార్యములు 18:3). థెస్సలొనీకలో ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్లు కష్టపడ్డానని తనే రాసుకున్నాడు. సువార్త ప్రకటించేవాడికి దాని ద్వారా జీవించే హక్కుందని 1 కొరింథీ 9లో గట్టిగా వాదించినవాడూ ఆయనే. హక్కుండి కూడా చేతిపని మానలేదు.

పూర్తికాల సేవ తప్పని ఎవరూ అనరు, కొందరికి అదే పిలుపు. అయితే ఆ పిలుపు ఎలా తేలుతుందో అపొస్తలుల కార్యాల్లోనే ఉంది. అంతియొకయ సంఘం బర్నబాను, సౌలును (పౌలుకే ఉన్న మరో పేరు) పంపేనాటికి (13వ అధ్యాయం) వాళ్లిద్దరూ అక్కడ చాలాకాలంగా బోధిస్తున్నారు. సంఘం ఉపవాసముండి, ప్రార్థించి, చేతులుంచి పంపింది. తిమోతి గురించి లుస్త్రలో, ఈకొనియలో సహోదరులు మంచి సాక్ష్యం చెప్పాకే పౌలు వెంటబెట్టుకున్నాడు. పరిచారకులను ముందు పరీక్షించాలని 1 తిమోతి 3:10 చెబుతోంది. సభలో ఎవరో చెయ్యి పైకెత్తి ప్రవచనం చెప్పారని సోమవారం పొద్దున్నే రాజీనామా పెట్టడానికి వీటిలో ఎక్కడా ఆధారం లేదు.

మానేశాక జరిగేది దాదాపు ఒకేలా ఉంటుంది. మొదటి నెలల్లో విశ్వాసులు ఆదుకుంటారు. క్రమంగా అది పలచబడుతుంది. ఇంటద్దె, పిల్లల ఫీజు, లోను వాయిదా మాత్రం అలాగే ఉంటాయి. అప్పుడు కానుక బాగా వచ్చే ఇంటికే ప్రార్థనకు వెళ్లబుద్ధవుతుంది, ఇచ్చేవాళ్లకు రుచించని వాక్యం నోటికి రాదు. స్వంత ఇంటివారిని పోషించనివాడి గురించి 1 తిమోతి 5:8 ఎంత కఠినంగా ఉందో మళ్లీ చదవండి. ఇంట్లో ఆడవాళ్ల నగలు తాకట్టులోకి వెళ్లాక ఆ వాక్యం గుర్తొచ్చి లాభం లేదు.

నిజంగా పిలుపు ఉందనిపిస్తే ఈ వరసలో చూసుకోండి. ఉద్యోగంలో ఉంటూనే కనీసం ఏడాదిపాటు ఒకే పరిచర్య, ఒక పెద్ద పర్యవేక్షణలో చేయండి. సండే స్కూలు అయితే సండే స్కూలే. నాలుగు పనులు మీద వేసుకుంటే ఏది మీ వరమో తేలదు. ఏడాది చివర మీ బంధువులు కాని ఇద్దరు ముగ్గురు పెద్దలను మొహమాటం లేకుండా చెప్పమనండి. భార్య లేదా భర్త మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. "మీ ఇష్టం" అనడం ఒప్పుకోవడం కిందికి రాదు. అప్పులు తీరాలి, ఏడాది ఇంటిఖర్చు చేతిలో ఉండాలి. పంపే సంఘం నెలకు ఎంత ఇస్తుందో, ఎన్నాళ్లు ఇస్తుందో కాగితం మీద రాయించుకోండి. పీఎఫ్ సంగతీ చూసుకోండి. ఐదేళ్ల సర్వీసు నిండకముందే తీసేస్తే సాధారణంగా పన్ను పడుతుంది, నెలనెలా పింఛను అర్హతకు పదేళ్లు కావాలి. కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది, కాబట్టి దిగిపోకముందే సొంత పాలసీ తీసుకోవాలి. ఇదంతా అవిశ్వాసం అనేవాళ్లుంటారు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కచూసుకోడా అని అడిగింది యేసే (లూకా 14:28).

అపోహ: వరం అంటే పాట, ప్రసంగం, ప్రవచనం.

వాస్తవం: నిర్గమ 31లో దేవుని ఆత్మతో నింపబడ్డాడని చెప్పిన బెసలేలు బంగారం, వెండి, ఇత్తడి, చెక్క పని చేసేవాడు. రోమా 12లో పంచిపెట్టడం, పైవిచారణ, కరుణించడం కూడా బోధ పక్కనే ఉన్నాయి. మన ప్రాంతపు చరిత్రే చూడండి. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ అమెరికాలో సర్వేయరు పని చేసి వచ్చినవాడు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చేశాడు. కూలి కోసం మతం మారారన్న మాట రాకుండా ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చిన బాప్తిస్మాల గురించి ప్రతి సభలోనూ చెబుతారు, సర్వే పని గురించి ఎవరూ చెప్పరు.

మీ సంఘంలో నర్సు ఉంటే ఆరాధన తర్వాత బీపీ బల్ల పెట్టొచ్చు. మెట్లెక్కి వచ్చిన మనిషికి వెంటనే బీపీ పట్టీ చుట్టొద్దు, ఎక్కువ చూపిస్తుంది. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, మాటల్లేకుండా కూర్చోబెట్టండి. అరగంట ముందు టీ తాగి ఉండకూడదు. చేయి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి, పట్టీ చొక్కా మీద కట్టకూడదు. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి చీటీ మీద తేదీతో రాసివ్వండి. వేర్వేరు రోజుల్లో 140/90 దాటుతుంటే డాక్టరు దగ్గరికి పంపండి. 180/120 దాటి, ఛాతీనొప్పో ఆయాసమో మాట తడబాటో ఉంటే 108కి ఫోన్ చేయాలి. మందు మార్చమని గానీ ఆపమని గానీ చెప్పే అధికారం ఆ బల్లకు లేదు. "ప్రార్థన చేశాం, మాత్రలు ఆపేయండి" అనేవాళ్లను ఆ చుట్టుపక్కలకు రానివ్వొద్దు. డ్యూటీలో ఉన్న నర్సు రోగి చేతిలో కరపత్రం పెట్టడం కూడా సేవ కాదు. మంచం మీద ఉన్నవాడు వద్దనలేడు. సమయానికి సరైన మోతాదు ఇవ్వడమే అక్కడ ఆమె పరిచర్య.

అకౌంటెంటు ఉంటే కానుకల లెక్క అప్పగించండి. ఒకే కుటుంబానికి చెందని ఇద్దరు అక్కడే, అప్పుడే లెక్కించి, నోట్ల వారీగా రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. తర్వాతి బ్యాంకు పనిదినాన మొత్తం జమ చేయాలి. కరెంటు బిల్లు, మైకు అద్దె ఆ కానుకల సంచిలోంచే ఇచ్చేస్తే రిజిస్టరుకూ బ్యాంకు స్టేట్‌మెంటుకూ పొంతన కుదరదు, అనుమానాలు మొదలయ్యేది అక్కడే.

అపోహ: నాకు ఏ వరమూ లేదు.

వాస్తవం: ప్రతి ఒక్కరూ పొందిన కృపావరం కొద్దీ ఒకరికొకరు ఉపచారం చేయాలని 1 పేతురు 4:10లో ఉంది, అందులో ఎవరినీ మినహాయించలేదు. మీ వీధివాళ్లు ఏ పని కోసం మీ తలుపు తడతారో చూడండి. దరఖాస్తు నింపడానికా, బాలింతకు వండిపెట్టడానికా, తగవు తీర్చడానికా? మొదలుపెట్టేది అక్కడే. యొప్పేలో దొర్కా చనిపోతే విధవరాండ్రు పేతురుకు చూపించింది ఆమె కుట్టిన అంగీలనే.

మిగతావి క్లుప్తంగా. ఆన్‌లైన్ ప్రశ్నావళి మీ ఇష్టాన్ని చెబుతుందేమో గానీ వరాన్ని నిర్ధారించలేదు. వరం ఉంటే అభ్యాసం అక్కర్లేదనేవాళ్లు 1 దినవృత్తాంతములు 25:7 చూడాలి, అక్కడున్న 288 మంది పాటలో నేర్పు పొందినవాళ్లే. ఒకసారి ఒప్పుకున్న పని జీవితాంతం మోయాలనీ లేదు. గుడారపు సేవ చేసే గోత్రమైన లేవీయులకే 50 ఏళ్లకు బరువు పనినుంచి విడుదల ఉంది.

ఇప్పటికే రాజీనామా పెట్టి నిద్రపట్టనివాళ్లకు ఒక మాట. నోటీసు గడువు ముగియలేదా? ఉపసంహరించుకుంటానని ఈ రోజే లిఖితపూర్వకంగా అడగండి. యాజమాన్యం ఒప్పుకోకపోవచ్చు, అయినా అడగాలి. ముగిసిపోయిందా? వేరే ఉద్యోగంలో చేరితే విశ్వాసం తప్పినట్టు కాదు. పీఎఫ్ తీసేయకుండా పాత యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ గుర్తింపు) నంబరే కొత్త చోట ఇచ్చి ఖాతా బదిలీ చేయించుకుంటే సర్వీసు కలుస్తుంది. నర్సులైతే దరఖాస్తు పెట్టేముందు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు చూసుకోండి.