ఆరడం మరిచిన రాస్

మన ఒంట్లో కణం తోచినప్పుడల్లా రెండుగా చీలదు. బయటి నుంచి కబురు రావాలి. ఆ కబురు కణం పైపొర మీది రిసెప్టర్‌ను తాకితే, లోపల దాన్ని అందుకునే వాటిలో ముఖ్యమైనది రాస్ అనే చిన్న ప్రొటీన్. దానికి జీటీపీ అనే అణువు అతుక్కుంటే ఆన్. అందులోంచి ఒక ఫాస్ఫేట్ ఊడి జీడీపీ అయితే ఆఫ్. ఆన్‌లో ఉన్నంతసేపూ రాఫ్, మెక్, ఎర్క్ ప్రొటీన్లు ఒకదాని తర్వాత ఒకటి మేల్కొని కబురును కేంద్రకం దాకా చేరవేస్తాయి.

క్యాన్సర్‌లో దెబ్బతినేది ఈ ఆఫ్ అయ్యే పనే. ఫాస్ఫేట్‌ను తెంపడంలో రాస్ మహా నెమ్మది. గ్యాప్ అనే మరో ప్రొటీన్ వచ్చి తన ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని జీటీపీ పక్కకు దూర్చితేనే పని చకచకా అవుతుంది. అక్కడ చోటు చాలా ఇరుకు. రాస్ గొలుసులో 12వ స్థానంలో ఉన్నది అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నదైన గ్లైసీన్ కాబట్టి సరిపోయింది. 1982లో మూత్రాశయ క్యాన్సర్ కణాల్లో చూస్తే అక్కడ అంతకన్నా పెద్దదైన వాలీన్ ఉంది, దాంతో ఆర్జినిన్‌కు చోటు చాలక రాస్ సరిగా ఆరదు. జన్యువులో ఒక్క అక్షరం తేడా, అంతే. (ఆ ఒక్కదానితోనే క్యాన్సర్ రాదు, ఇంకొన్ని మార్పులు తోడవ్వాలి.)

దోషి ఇంత స్పష్టంగా దొరికినా మందు రావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. జీటీపీని రాస్ ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, దాన్ని తోసేసి ఆ చోట మందు కూర్చోవడం అయ్యే పని కాదు. ఇంకెక్కడైనా అతుక్కుందామంటే ఒళ్లంతా నున్నగా ఉంటుంది, గుంటన్నదే కనబడదు. మందులకు లొంగదని దానికి ముద్ర వేసేశారు.

చివరికి దారి చూపింది ఆ లోపమే. ఈ కథలో నాకు బాగా నచ్చే మలుపు ఇది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకమైన అడినోకార్సినోమాల్లో సుమారు 13 శాతంలో, రాస్‌లలో కేరాస్ అనే దానిలో గ్లైసీన్ బదులు సిస్టీన్ ఉంటుంది. సిస్టీన్‌లో చురుకైన గంధకం ఉంది. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కెవాన్ షోకాట్ బృందం ఆ గంధకానికి ఊడకుండా అతుక్కునే అణువులను కనిపెట్టింది. అతుక్కున్నాక చూస్తే, అంతకుముందెవరికీ కనబడని గుంట పక్కనే తెరుచుకుని ఉంది! మామూలు రాస్‌లో ఆ చోట సిస్టీన్ ఉండదు కాబట్టి మందు దాని జోలికి పోదు. ఇంకో విశేషం, ఈ అణువులు పట్టుకునేది ఆఫ్‌లో ఉన్న రాస్‌ను. అంటే చెడిపోయిన రాస్ కూడా అప్పుడప్పుడూ ఆరుతోందన్నమాట.

2021 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఈ తరహా మందు సోటోరాసిబ్‌ను అనుమతించింది. మూడో వంతుకు పైగా రోగుల్లో కణితులు బాగా తగ్గాయి, కానీ చాలామందిలో నెలల్లోనే జబ్బు మళ్లీ ముదిరింది. పెద్దపేగు క్యాన్సర్‌లోనైతే ఫలితం ఇంకా తక్కువ. మామూలుగా ఎర్క్ జోరు పెరిగితే అది వెనక్కి తిరిగి పైనున్న రిసెప్టర్లను అణచి ఉంచుతుంది. మందుతో ఎర్క్ తగ్గగానే ఆ అణచివేతా పోతుంది. దాంతో ఈజీఎఫ్ఆర్ అనే రిసెప్టర్ విజృంభించి రాస్‌ను మళ్లీ ఆన్ చేస్తుంది. అందుకే పెద్దపేగు రోగులకు ఇప్పుడు ఈ మందుతో పాటు ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే యాంటీబాడీ కూడా ఇస్తున్నారు.