ఉద్యోగి ఓటు ఏ పార్టీది? జవాబు 2004 సెప్టెంబరులో ఉంది

డీఎస్సీ-2003 (2003 నాటి టీచర్ల నియామక నోటిఫికేషన్) ఉపాధ్యాయుల పాత పెన్షన్ డిమాండ్ మళ్లీ చర్చకొచ్చింది. దాని వెనకే ఎన్నికలప్పుడల్లా వినిపించే ప్రశ్న కూడా వచ్చింది: ప్రభుత్వ ఉద్యోగులు అసలు ఎవరి పక్షం? వాళ్లు తెలుగుదేశానికి పుట్టు వ్యతిరేకులని ఒక తరం నమ్మింది. 2024 తర్వాత జగన్‌కు వ్యతిరేకులని ఇంకో తరం నమ్ముతోంది. పదిహేనేళ్ల కిందట హైదరాబాద్‌లో అడిగి ఉంటే, వాళ్లది పార్టీ కాదు ప్రాంతం అనేవారు. మూడింటికీ ఆధారాలున్నాయి. మూడూ సగం సగమే నిజాలు.

ఎన్టీఆర్ పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించడం, చంద్రబాబు మొదటి విడత పాలనలో ఆకస్మిక తనిఖీలు, జన్మభూమి సభల్లో జనం ముందు అధికారులను నిలబెట్టడం అందరికీ తెలిసిన కథలే. ఉద్యోగులకు కోపం వచ్చింది, ఓట్లతో తీర్చుకున్నారు అన్నది వాటి సారాంశం. కోపతాపాల చరిత్రగా అది బాగానే ఉంటుంది. ఇవాళ్టి తగాదాను మాత్రం అది వివరించదు. వివరించేది ఒక జీవో.

2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రమాణ స్వీకారం చేసి రైతుల ఉచిత విద్యుత్తు ఫైలుపై మొదటి సంతకం పెట్టారు. ఆ సంతకం ఊరూరా గుర్తుంది. అదే ఏడాది సెప్టెంబరు 22న ఆర్థిక శాఖ నుంచి జీవో 653 వెలువడింది. ఆ నెల ఒకటో తేదీ నుంచి చేరే ఉద్యోగులెవరికీ పాత పెన్షన్ వర్తించదు, కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకమే (సీపీఎస్) అని దాని సారం. కేంద్రం అప్పటికే 2004 జనవరి 1 నుంచి తన కొత్త ఉద్యోగులకు ఇదే పద్ధతి పెట్టింది, సైన్యాన్ని మినహాయించి. కేంద్రంలో దాన్ని తెచ్చింది వాజపేయి ప్రభుత్వం, కొనసాగించింది మన్మోహన్ ప్రభుత్వం. రాష్ట్రంలో తెచ్చింది కాంగ్రెస్, కొనసాగించింది తెలుగుదేశం, తెలంగాణలో టీఆర్ఎస్. ఇంత ఏకాభిప్రాయం మన రాజకీయాల్లో అరుదు.

అప్పట్లో పెద్ద ఉద్యమం రాలేదు. కారణం సులభం. అప్పటికే సర్వీసులో ఉన్న వారెవరికీ పైసా నష్టం లేదు. సంఘాల నాయకులు, జిల్లా కార్యదర్శులు, చర్చలకు సచివాలయం మెట్లెక్కేవాళ్లు అందరూ పాత పెన్షన్ ఉన్న జీపీఎఫ్ (సాధారణ భవిష్య నిధి) ఖాతాదారులే. నష్టపోయేవాళ్లు ఇంకా ఉద్యోగంలోనే చేరలేదు. లేనివాళ్ల తరఫున ఎవరు సమ్మె చేస్తారు?

తేడా చిన్నదేమీ కాదు. పూర్తి సర్వీసు చేసిన పాత పద్ధతి ఉద్యోగికి చివరి జీతంలో సగం పెన్షన్ వస్తుంది. కరవు భత్యం పెరిగినప్పుడల్లా అదీ పెరుగుతుంది. పోయాక భార్యకో భర్తకో కుటుంబ పెన్షన్ ఉంటుంది. కొత్త పద్ధతిలో మూలవేతనం, డీఏ కలిపి అందులో పది శాతం ప్రతినెలా ఉద్యోగి కడితే, ప్రభుత్వం అంతే జమ చేస్తుంది. రిటైరైననాడు ఆ మొత్తంలో 60 శాతం చేతికిచ్చి, మిగతా 40 శాతంతో యాన్యుటీ కొనిపిస్తారు. ఎంత వస్తుందో మార్కెట్టే చెప్పాలి. గ్రాట్యుటీ కూడా చాలాకాలం ఇవ్వకుండా, ఉద్యమాలు చేశాక ఇచ్చారు. ఒకే స్టాఫ్‌రూమ్‌లో, ఒకే సబ్జెక్టు చెప్పే ఇద్దరు టీచర్లలో ఒకరికి జీపీఎఫ్ స్లిప్పు, ఇంకొకరికి కొత్త పెన్షన్ ఖాతాకిచ్చే ప్రాన్ నంబరు. ఉద్యోగవర్గం అని మనం ఒక్క మాటలో అనేది ఆ రోజు నుంచి రెండు వర్గాలు.

డీఎస్సీ-2003 వాళ్లు సరిగ్గా ఆ గీత మీద పడ్డారు. నోటిఫికేషన్ 2003 చివర్లో, చంద్రబాబు హయాంలో వచ్చింది. ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది, నియామకాలు 2005లో జరిగాయి. వాళ్లను కొత్త పెన్షన్‌లో వేశారు. ఆలస్యం వాళ్లది కాదు, ప్రభుత్వానిది. 2023 మార్చిలో కేంద్రం ఒక మెమో ఇచ్చింది. 2003 డిసెంబరు 22కు ముందు ప్రకటించిన పోస్టుల్లో చేరినవాళ్లు కోరుకుంటే పాత పెన్షన్‌కు మారవచ్చని అందులో ఉంది. ఉపాధ్యాయులు దాన్ని మెమో 57 అంటారు. ఇక్కడా అదే సూత్రం వర్తింపజేయమని అడుగుతున్నారు. రెండు పార్టీల పాలనకు మధ్య పడి నలిగిన ఈ బృందం ఏ పార్టీదో చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

మధ్యలో ఒక దశాబ్దం ఈ చీలిక బయటపడలేదు. ప్రాంతీయ ఉద్యమాలు దాన్ని కప్పేశాయి. 2011 సెప్టెంబరు 13 నుంచి 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో ప్రాన్ నంబరువాళ్లూ జీపీఎఫ్‌వాళ్లూ కలిసే కూర్చున్నారు. 2013లో సీమాంధ్ర ఉద్యోగుల సమ్మెలోనూ అంతే. ఆ ఉద్యమాలు నాయకులను మాత్రం పార్టీలకు చేర్చాయి. టీఎన్జీవో నేత స్వామిగౌడ్ శాసన మండలి ఛైర్మన్ అయ్యారు, గెజిటెడ్ అధికారుల నేత శ్రీనివాస్ గౌడ్ మంత్రి అయ్యారు, ఏపీ ఎన్జీవోల సమ్మె నడిపిన అశోక్‌బాబు తెలుగుదేశం ఎమ్మెల్సీ అయ్యారు. వీళ్లను చూసే ఉద్యోగులంతా ఫలానా పార్టీ అని లెక్కలు వేసినవాళ్లున్నారు. నాయకుడు వెళ్లిన పార్టీకి సభ్యుడూ వెళ్తాడన్న నమ్మకం పొరపాటని తెలంగాణలో పదేళ్లలోపే తేలింది. 2015లో 43 శాతం ఫిట్‌మెంట్ (వేతన సవరణలో మూలవేతనంపై పెంపు) ఇచ్చిన ముఖ్యమంత్రి కేసీఆర్‌కు పాలాభిషేకాలు చేసిన ఉద్యోగులే, 2021 డిసెంబరులో 317 జీవో కొత్త జిల్లాల పేరిట భార్యనొకచోట భర్తనొకచోట వేసినప్పుడు కలెక్టరేట్ల ముందు కూర్చున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో చీలిక బయటపడింది పాదయాత్రలో. అధికారంలోకి వచ్చిన వారంలో సీపీఎస్ రద్దు చేస్తామని జగన్ చెప్పారు. రాష్ట్రంలో ఒక ప్రధాన పార్టీ 2004 తర్వాత చేరినవాళ్లను విడిగా పిలిచి ఓటడగడం అదే మొదలు. అప్పటి తెలుగుదేశం ప్రభుత్వం సీపీఎస్‌పై టక్కర్ కమిటీ వేసి కాలం గడిపింది. యువ ఉద్యోగులు ఎటు మొగ్గారో చెప్పనక్కర్లేదు. 2019లో జగన్ పార్టీకి 151 స్థానాలొచ్చాయి.

వారం గడిచింది. రెండున్నరేళ్లు గడిచాయి. 2021 డిసెంబరులో ప్రభుత్వ సలహాదారు సజ్జల రామకృష్ణారెడ్డి, సాంకేతిక విషయాలు తెలియక ఇచ్చిన హామీ అది అన్నారు. మరుసటి నెల పీఆర్సీ (వేతన సవరణ) ప్రకటించారు. అప్పటికే 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్నవాళ్లకు ఫిట్‌మెంట్ 23 శాతం. అద్దె భత్యం శ్లాబులు కుదించారు. వేతన సవరణపై అశుతోష్ మిశ్రా కమిషన్ నివేదికను ముందు చూపించండి అంటే చూపించలేదు. పదవీ విరమణ వయసు మాత్రం 60 నుంచి 62కు పెంచారు. 1983లో వయసు తగ్గించి ఒక ప్రభుత్వం తిట్లు తిన్నది, 2022లో పెంచి ఇంకో ప్రభుత్వం మెప్పు ఆశించింది. ఆ రెండేళ్లు వెంటనే అక్కరకొచ్చేది రిటైర్మెంటు దగ్గరపడ్డ పాత పెన్షన్‌వాళ్లకే.

ఫిబ్రవరి 3న ఛలో విజయవాడ. ముందురోజు నుంచే గృహ నిర్బంధాలు, బస్సుల తనిఖీలు. అయినా బీఆర్‌టీఎస్ రోడ్డు నిండిపోయింది. మారువేషాల్లో వచ్చినవాళ్లూ ఉన్నారు. రెండు రోజులకే, సమ్మె మొదలుకాకముందే, నాయకులు మంత్రులతో ఒప్పందం చేసుకుని బయటికొచ్చారు. అద్దె భత్యం కొంత సవరించారు, మధ్యంతర భృతి (ఐఆర్) రికవరీ వద్దన్నారు. ఫిట్‌మెంట్ అలాగే ఉంది, సీపీఎస్ ఊసు తర్వాత చూద్దామన్నారు. ఉపాధ్యాయ సంఘాలు ఆ ఒప్పందాన్ని అక్కడే తిరస్కరించాయి. 2004 గీత సంఘాల మధ్య కూడా కనిపించింది ఆ రాత్రే.

ప్రభుత్వం వాదనా ఉంది. విభజిత రాష్ట్రం, కరోనా, జీతాలు పెన్షన్లకే ఆదాయంలో పెద్ద భాగం పోతే మిగతా జనానికి ఏం మిగులుతుంది అన్నారు. లెక్కగా అది కొట్టిపారేయదగ్గది కాదు. ఆ లెక్క 2019కి ముందూ ఉంది, హామీ ఇచ్చేటప్పుడు ఎవరూ అడ్డుపడలేదు. 2023లో జీపీఎస్ (గ్యారంటీడ్ పెన్షన్) చట్టం తెచ్చి చివరి మూలవేతనంలో సగానికి హామీ అన్నారు. అప్పటికి నమ్మేవాళ్లు తగ్గిపోయారు. ఇది చాలదన్నట్టు టీచర్లకు ముఖ హాజరు యాప్, మరుగుదొడ్ల ఫోటోల అప్‌లోడు. లాక్‌డౌన్ సడలింపులో కొన్నిచోట్ల మద్యం దుకాణాల దగ్గర క్యూల డ్యూటీ కూడా వేశారు. 2023 జనవరిలో ఒకటో తేదీన జీతం రావడం లేదని ఒక సంఘం గవర్నర్‌కు చెప్పుకుంటే, గుర్తింపు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని నోటీసిచ్చారు.

అందుకే 2024 మే నెలాఖరులో ఒక విచిత్రమైన వ్యాజ్యం నడిచింది. పోస్టల్ బ్యాలెట్ వెంట ఉండే 13ఏ డిక్లరేషన్‌పై ధ్రువీకరించే అధికారి సంతకం ఉంటే చాలు, పేరు, హోదా, ముద్ర లేకున్నా చెల్లుతుందని ఎన్నికల యంత్రాంగం చెప్పింది. వైఎస్సార్ కాంగ్రెస్ హైకోర్టుకు వెళ్లింది. జూన్ 1న కొట్టేశారు. సుప్రీంకోర్టు 3న జోక్యం చేసుకోనంది. 4న ఫలితాలు, ఆ పార్టీకి 175లో 11. అన్నేసి స్థానాలు పోయినచోట పోస్టల్ ఓట్లు ఎటు పోయాయన్నది పెద్ద విషయం కాదు. విషయం ఆ వ్యాజ్యమే. కవర్లు విప్పకముందే, వాటిలో ఏముందో తమకు తెలుసని ఒక పార్టీ న్యాయస్థానం దాకా వెళ్లి ఒప్పుకున్నట్టయింది.

మరి ఇప్పుడు ఉద్యోగులు తెలుగుదేశం వాళ్లయ్యారా? 2025 మార్చిలో ఉత్తరాంధ్ర ఉపాధ్యాయ ఎమ్మెల్సీ స్థానంలో అధికార తెలుగుదేశం మద్దతిచ్చిన రఘువర్మ ఓడి, ఉపాధ్యాయ సంఘం పీఆర్‌టీయూ అభ్యర్థి గాదె శ్రీనివాసులు నాయుడు గెలిచారు. సార్వత్రిక ఎన్నికలకు ఏడాది కూడా నిండలేదు అప్పటికి.

కూటమి 2024 మేనిఫెస్టోలో సీపీఎస్ రద్దు అనే మాట లేదు. పునఃసమీక్షించి ఆమోదయోగ్యమైన పరిష్కారం అని ఉంది. వారం గడువు పెట్టినవాళ్లకు ఏం జరిగిందో చూసి రాసుకున్న వాక్యం అది. డీఎస్సీ-2003 వాళ్లు అడిగేది అంతకన్నా చిన్నది. పథకం రద్దు చేయమనడం లేదు, గీతకు ఇవతల ఉండాల్సినవాళ్లను ఇవతలికి తెమ్మంటున్నారు. నోటిఫికేషన్ ఇచ్చిన ముఖ్యమంత్రే ఇప్పుడూ ముఖ్యమంత్రి.