సాయంత్రం టీవీ కలగూరగంపలా ఉండాలా? బీబీసీ2 తొలినాళ్ల నేపథ్యం

ఇప్పుడు వార్తలకో చానెల్, వంటలకో చానెల్, భక్తికో చానెల్. ఒకే సాయంత్రం ఒకే చానెల్లో వార్తలు, హాస్యం, నాటకం, చదువు వరసగా రావాలా, లేక దేనికది విడిగా ఉండాలా అన్న తగువు మాత్రం పాతదే. 1964లో బీబీసీ రెండో చానెల్ పెట్టినప్పుడు ఈ రెండు పద్ధతులనూ కొన్ని నెలల తేడాలో చూసేసింది.

1955 సెప్టెంబరులో ప్రకటనల డబ్బుతో నడిచే ఐటీవీ వచ్చేదాకా బ్రిటన్ టీవీలో బీబీసీదే రాజ్యం. ఐటీవీ బహుమతుల క్విజ్‌లు, వెరైటీ షోలతో జనాన్ని తనవైపు లాగేసింది. ప్రభుత్వం వేసిన పిల్కింగ్టన్ కమిటీ 1962 నివేదికలో ఐటీవీ చౌకబారుతనాన్ని గట్టిగానే ఎండగట్టి, మూడో చానెల్ బీబీసీకే ఇవ్వమంది. మెలిక ఎక్కడంటే, కొత్త చానెల్ 625 గీతల బొమ్మతో (తెరమీద బొమ్మను గీసే అడ్డగీతలు ఇన్ని; ఎక్కువుంటే బొమ్మ అంత స్పష్టం) యూహెచ్ఎఫ్ అనే ఎక్కువ పౌనఃపున్యపు తరంగాల్లో వస్తుంది. ఇళ్లలో ఉన్న 405 గీతల సెట్లకు అందదు. కొత్త సెట్టు, కొత్త యాంటెన్నా కొనుక్కోవాలి. అదీ మొదట్లో లండన్, ఆ చుట్టుపక్కల వాళ్లకే.

ఇంత ఖర్చు పెట్టించే చానెల్ తొలి రాత్రి ఘనంగా ఉండాలి కదా. 1964 ఏప్రిల్ 20, సోమవారం. ఆల్బర్ట్స్ బృందం హాస్యం, సోవియట్ హాస్యనటుడు అర్కాదీ రైకిన్, ‘కిస్ మీ కేట్’ సంగీత నాటకం, చివర్లో సౌత్ఎండ్ అనే సముద్రతీర పట్టణం నుంచి బాణసంచా. నిండైన కలగలుపు సాయంత్రం. చానెల్ మొదలయ్యేది 7.20కి. దానికి కాస్త ముందు బాటర్‌సీ పవర్ స్టేషన్లో మంటలు లేచి, పశ్చిమ లండన్లో చాలాభాగం చీకటైంది. బీబీసీ టెలివిజన్ సెంటర్ కూడా. ప్రచారానికి తెచ్చిన కంగారూ ఒకటి లిఫ్టులో ఇరుక్కుపోయిందనీ చెప్పుకుంటారు. కరెంటు ఉన్న అలెగ్జాండ్రా ప్యాలెస్‌లోని బీబీసీ వార్తల స్టూడియో నుంచి జెరాల్డ్ ప్రీస్ట్‌లాండ్ వార్తలు చదివి, క్షమాపణలు చెప్పి నెట్టుకొచ్చాడు.

మర్నాడు ఉదయం 11 గంటలకు పిల్లల కార్యక్రమం ‘ప్లే స్కూల్’ వచ్చింది. అలా బీబీసీ2లో అనుకున్న ప్రకారం ప్రసారమైన మొదటి కార్యక్రమం పసిపిల్లలది అయ్యింది. ఆ సాయంత్రం వ్యాఖ్యాత డెనిస్ టూహీ చీకట్లో కొవ్వొత్తి ఊది ఆర్పి, ఆగిపోయిన ప్రారంభోత్సవాన్ని మొదలుపెట్టాడు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. చానెల్ అధిపతి మైకేల్ పీకాక్ ‘వారానికి ఏడు ముఖాలు’ అన్నాడు. రోజుకో రకం: మంగళవారం చదువు, బుధవారం పాత కార్యక్రమాల పునఃప్రసారం, ఇలా. కాగితం మీద ముచ్చటగానే ఉంది. ఇంట్లో మాత్రం సోమవారమంతా పప్పే, మంగళవారమంతా పచ్చడే అన్నట్టు. చదువు వద్దనుకున్నవాడు మంగళవారం సెట్టు అటు తిప్పడు. ఇంటికి ఒక్కటే సెట్టు ఉన్న రోజుల్లో, కూర్చున్న నలుగురి రుచీ ఒకటిగా ఉండదు మరి. కొన్ని నెలలకే ఆ పద్ధతి ఎత్తేశారు.

(మన దగ్గర అప్పట్లో ఈ ఎంపికే లేదు. 1959లో మొదలైన ఢిల్లీ టీవీ కేంద్రం రోజువారీ ప్రసారాలకు వచ్చిందే 1965లో. హైదరాబాద్ కేంద్రం 1977 అక్టోబరులో మొదలైంది. ఒకే చానెల్, అందులోనే రైతులకూ పిల్లలకూ సినిమా పాటలకూ చోటు దొరకాలి.)

1965లో డేవిడ్ అటెన్‌బరో పగ్గాలు పట్టాడు. ఆయన పద్ధతిలో కలగలుపు తిరిగొచ్చింది, కాకపోతే మిగతా చానెళ్లు పట్టించుకోని వాటికే ఎక్కువ చోటు. 1967 జులై 1న వింబుల్డన్ టెన్నిస్‌తో రంగుల ప్రసారం మొదలయ్యాక రంగులకు తగ్గ సరుకు కావలసి వచ్చింది. 1969లో అదే చానెల్లో కెన్నెత్ క్లార్క్ 13 భాగాల్లో ఐరోపా కళల చరిత్ర చెప్పాడు. అదే ఏడాది బల్ల మీద రంగురంగుల బంతులతో ఆడే స్నూకర్ కూడా వచ్చింది. నలుపు తెలుపు సెట్లో ఏ బంతి ఏదో పోల్చుకోలేని ఆట అది.