అందరి బడి: కొన్ని అపోహలు, వాస్తవాలు

రకరకాల నేపథ్యాల పిల్లలు ఒకే బడిలో ఇమిడేలా చూడడం నా పని. తరగతిలో పాఠాలు చెప్పడంతో మొదలుపెట్టి, ఇప్పుడు ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తున్నాను. ఏ బడికి వెళ్లినా స్టాఫ్ రూములో దాదాపు అవే మాటలు వినిపిస్తాయి. అనేవాళ్లు పిల్లల మంచి కోరేవాళ్లే, అందుకే ఆ మాటలను విని ఊరుకోలేను. ‘ఇది నా బడి’ అని ఒక పిల్ల అనుకుంటుందా లేదా అన్నది గోడల మీది నినాదాలతో తేలదు. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు, ఎవరికి ఎంత వ్యవధి ఇస్తాం, పేరు ఎలా పిలుస్తాం అన్న రోజువారీ ఏర్పాట్లతో తేలుతుంది. ఆ ఏర్పాట్లన్నీ పెద్దల చేతుల్లోనే ఉన్నాయి.

అపోహ: ఒకచోట చేరిస్తే చాలు, పిల్లలు వాళ్లంతట వాళ్లే కలిసిపోతారు.

కలిసిపోరు. విరామ సమయంలో ఏ బడి ఆవరణలోనైనా కాసేపు నిలబడి చూడండి. ఏ గుంపుకు ఆ గుంపే ఉంటుంది. మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే దీన్ని విడమరిచి చెప్పారు. వేర్వేరు వర్గాలవాళ్లు కలిసినప్పుడు ఒకరిమీద ఒకరికున్న దురభిప్రాయాలు తగ్గాలంటే నాలుగు అంశాలు తోడవాలన్నారు: ఇరుపక్షాలకూ సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పోటీకి బదులు సహకారం, పెద్దల స్పష్టమైన మద్దతు. 2006లో మనస్తత్వవేత్తలు థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 515 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. పరిచయం సాధారణంగా దురభిప్రాయాన్ని తగ్గిస్తుందని, ఈ నాలుగూ ఉన్నచోట ఇంకా ఎక్కువగా తగ్గిస్తుందని తేల్చారు.

తరగతిలో దీనికి రూపమిచ్చినవారు మనస్తత్వవేత్త ఇలియట్ ఆరన్సన్. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో, అప్పటిదాకా జాతులవారీగా విడిగా చదివిన పిల్లలను ఒకే బడుల్లో చేర్చారు. ఘర్షణలు మొదలయ్యాయి. ఆరన్సన్ బృందం తరగతిని గమనించి, పిల్లల మధ్య నడుస్తున్న పోటీయే నిప్పు రాజేస్తోందని గుర్తించింది. పిల్లలను చిన్న జట్లుగా విడదీసి, పాఠంలో ఒక్కో భాగాన్ని ఒక్కొక్కరికి ఇచ్చింది. ఎవరి భాగం వాళ్లే నేర్చుకుని మిగతావాళ్లకు చెప్పాలి. అందరి భాగాలూ వింటేనే పాఠం పూర్తవుతుంది, పరీక్ష రాయగలుగుతారు. అంతవరకు ఎవరూ పట్టించుకోని పిల్లవాడి మాట అందరికీ అవసరమైంది. ఈ పద్ధతిలో చదివిన పిల్లల్లో పరస్పర ఇష్టం పెరిగింది, వెనకబడిన వర్గాల పిల్లల మార్కులూ మెరుగుపడ్డాయి.

దీనికి పూర్తిగా విరుద్ధమైన పని మనం రోజూ చేస్తుంటాం. ‘మీకు నచ్చినవాళ్లతో నలుగురేసి జట్టు కట్టండి’ అంటాం. ఆ మాట అన్న తర్వాత ఒక నిమిషం ఏం జరుగుతుందో జాగ్రత్తగా గమనించండి. బెంచీలు కదులుతాయి, కళ్లు కళ్లు కలుస్తాయి, జట్లు కుదిరిపోతాయి. ఒక పిల్ల మాత్రం సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుని ఉంటుంది. వెతకడానికి అందులో ఏమీ ఉండదు. చివరికి మనం ‘ఈమెను ఎవరు చేర్చుకుంటారు?’ అని తరగతినంతా అడుగుతాం. ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చే నిశ్శబ్దం ఆ పిల్ల ఒంటరితనాన్ని అందరిముందూ చాటుతుంది. జట్లను ముందురోజే ఉపాధ్యాయులు రాసుకుని రావాలి. అంతే, ఇందులో ఖర్చేమీ లేదు.

అపోహ: తేడాల గురించి మాట్లాడకపోతే పిల్లలకు తేడాలే తెలియవు.

పిల్లలు తేడాలను చాలా చిన్న వయసు నుంచే గమనిస్తారు. మనం మౌనంగా ఉంటే, అది మాట్లాడకూడని విషయమని మాత్రమే నేర్చుకుంటారు. 2010లో వెలువడిన ఒక ప్రయోగంలో 8 నుంచి 11 ఏళ్ల పిల్లలకు ఒక కథ చెప్పారు. కొందరికి ‘మనమంతా ఒక్కటే, తేడాలు పట్టించుకోకూడదు’ అనే ధోరణిలో, మరికొందరికి ‘తేడాలున్నాయి, వాటిని గౌరవించాలి’ అనే ధోరణిలో. తర్వాత జాతి వివక్ష స్పష్టంగా ఉన్న సంఘటనను వినిపించినప్పుడు, మొదటి రకం కథ విన్న పిల్లల్లో దాన్ని వివక్షగా గుర్తించినవాళ్లు తక్కువ. వాళ్లు జరిగినదాన్ని చెప్పిన తీరు కూడా పెద్దలు జోక్యం చేసుకోవలసినంత తీవ్రంగా లేదు. అంటే ఆ మౌనంవల్ల అన్యాయం తగ్గదు, ఫిర్యాదులు తగ్గుతాయి. ‘మా బడిలో అలాంటి సమస్యలే లేవు’ అని ప్రధానోపాధ్యాయులు అన్నప్పుడల్లా నాకు ఈ ప్రయోగమే గుర్తొస్తుంది.

అపోహ: అందరినీ ఒకేలా చూడడమే న్యాయం.

ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగే వ్యవధినే తీసుకోండి. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో తరగతి గదుల సంభాషణలను రికార్డు చేసి చూశారు. ఉపాధ్యాయులు సగటున దాదాపు ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. దాన్ని మూడు సెకన్లకు పెంచగానే జవాబులు నిడివిగా వచ్చాయి, ‘తెలియదు’ అనడం తగ్గింది, మందకొడి అని ఉపాధ్యాయులు ముద్రవేసిన పిల్లలు ఎక్కువగా నోరు విప్పారు. ఒక్క సెకను నియమం అందరికీ ఒకటే. కానీ దానివల్ల లాభపడేది ఇంట్లో ఆ భాషే మాట్లాడేవాళ్లు, ధైర్యస్థులు, ముందు బెంచీవాళ్లు.

అపోహ: వైకల్యమున్న పిల్లవాడికి సహాయకురాలిని పెట్టాం, అందరూ ఒకే బడిలో కలిసి చదివే ‘సహిత విద్య’ అమలైనట్టే.

1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు సమావేశమై, సాధారణ బడులు పిల్లలందరినీ చేర్చుకోవాలని ప్రకటించారు. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 24వ అధికరణంలో దాన్ని హక్కుగా గుర్తించింది. ఆ అధికరణంపై 2016లో ఐక్యరాజ్యసమితి కమిటీ ఇచ్చిన వ్యాఖ్యానం ఒక ముఖ్యమైన గీత గీసింది. బడి ఉన్నది ఉన్నట్టుగానే ఉండి, పిల్లవాడు దానికి సర్దుకుంటేనే చోటిస్తామనడం వేరు. పిల్లవాడికి తగ్గట్టు పాఠం, పద్ధతి, వసతి మార్చుకోవడం వేరు. రెండోదే సహిత విద్య.

సహాయకుల విషయంలో అమెరికా పరిశోధకుడు మైఖేల్ జియాంగ్రెకో, ఆయన సహచరులు 1997లోనే హెచ్చరించారు. పెద్దవాళ్లు పిల్లవాడిని అంటిపెట్టుకుని ఉంటే తోటి పిల్లలు దూరమవుతారని, తరగతి ఉపాధ్యాయులు ఆ పిల్లవాడి బాధ్యత తమది కాదనుకుంటారని, పిల్లవాడికి పెద్దలమీద ఆధారపడడం అలవాటవుతుందని వాళ్లు గమనించారు. నేను చూసే తరగతుల్లోనూ ఇదే దృశ్యం. సహాయకురాలి కుర్చీ సరిగ్గా ఆ పిల్లవాడికి, పక్క విద్యార్థికి మధ్యన ఉంటుంది. పక్క విద్యార్థి ఏదైనా అడగాలంటే ఆమెనే అడుగుతాడు: ‘వీడికి రంగు పెన్సిళ్లు కావాలా?’ పిల్లవాడు ఎదురుగానే ఉన్నాడు, వింటున్నాడు. ఆ కుర్చీని వెనక్కి జరిపించి, పక్క విద్యార్థిని నేరుగా అతన్నే అడగమనడం నేను చెప్పే మొదటి సలహా. సహాయకురాలు ఆ బల్ల దగ్గరున్న నలుగురికీ సాయం చేయాలి. సహాయకులు అక్కర్లేదని నేను అనను. చాలామంది పిల్లలకు వాళ్లు లేకపోతే బడే లేదు. కూర్చునే చోటు, మాట్లాడే తీరు మారాలి.

అపోహ: ఆటస్థలంలో గలగలా మాట్లాడుతోంది, భాష వచ్చేసింది. ఇంకా పాఠం అర్థం కాలేదంటే బద్ధకమే.

కబుర్లు చెప్పడం, పాఠం అర్థం చేసుకోవడం అన్న ఈ రెండు సామర్థ్యాలను కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ విడదీసి చూపారు. కొత్త భాషలో కబుర్లు చెప్పడానికి రెండేళ్లు సరిపోతాయి. ఆ భాషలో పాఠ్యపుస్తకం చదివి, తర్కించి, పరీక్ష రాయడానికి కనీసం అయిదేళ్లు పట్టవచ్చు. ఈ రెంటికీ మధ్య గడిచే ఏళ్లలోనే ఎంతోమంది తెలివైన పిల్లలమీద వెనకబడినవాళ్లన్న ముద్ర పడుతోంది. ఇంట్లో కూడా బడి భాషే మాట్లాడమని తల్లిదండ్రులకు సలహా ఇవ్వడం మానేయండి. సొంత భాషలో గట్టిపడిన ఆలోచన కొత్త భాషకు ఆసరా అవుతుంది.

అపోహ: ఏడిపించేది ఒకడు, ఏడ్చేది ఒకడు. ఏడిపించినవాణ్ణి శిక్షిస్తే సరి.

కెనడాలో పరిశోధకులు ఆటస్థలాలను వీడియో తీసి గమనించి, 2001లో ఫలితాలు ప్రచురించారు. వేధింపు సంఘటనల్లో 88 శాతం సందర్భాల్లో తోటి పిల్లలు అక్కడే ఉన్నారు. ఎవరైనా అడ్డుపడినప్పుడు 57 శాతం సార్లు పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. అడ్డుపడినవాళ్లు మాత్రం చాలా తక్కువ. కాబట్టి మన శ్రద్ధ చుట్టూ నిలబడిన పిల్లల వైపు మళ్లాలి. ‘ధైర్యంగా ఎదిరించండి’ అని చెబితే సరిపోదు. ఏం చెయ్యవచ్చో నేర్పాలి: వేధింపుకు గురవుతున్న పిల్లవాడిని ‘రా, మనం ఆడుకుందాం’ అని పక్కకు తీసుకెళ్లడం, నవ్వు కలపకుండా ఉండడం, పెద్దలను పిలవడం. వీటిని తరగతిలో నటింపజేసి అలవాటు చేయించాలి.

అపోహ: ఏడాదికోసారి వైవిధ్య దినోత్సవం ఘనంగా జరుపుతున్నాం, అది చాలు.

జరపండి, పిల్లలకు సంతోషం. కానీ వేదిక మీద తన వేషభాషలకు చప్పట్లు కొట్టిన బడి, మర్నాడు హాజరు పట్టీలో తన పేరును తప్పుగా చదివితే ఆ పిల్ల దేన్ని గుర్తుంచుకుంటుందో ఆలోచించండి. పలకడం కష్టమని పేరును మనకు అనుకూలంగా కత్తిరించడం మరీ దారుణం. పిల్లనే అడిగి, పలికే తీరు హాజరు పట్టీలో పక్కనే రాసుకోండి.

అపోహ: ‘నా బడి’ అనే భావన మనసుకు సంబంధించింది. దాన్ని పెంచడానికి బడి చేయగలిగింది ఏమీ లేదు.

మనస్తత్వవేత్తలు గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో ప్రచురించిన ప్రయోగంలో అమెరికాలోని ఒక కళాశాలలో కొత్తగా చేరిన విద్యార్థులకు ఒక గంటపాటు చిన్న అభ్యాసం ఇచ్చారు. ‘మొదట్లో ఇక్కడ ఇమడలేనేమో అన్న బెంగ అందరికీ ఉంటుంది, క్రమంగా పోతుంది’ అన్నదే దాని సారం. ఆ తర్వాత మూడేళ్లలో నల్లజాతి విద్యార్థుల మార్కులు మెరుగై, తెల్లజాతి విద్యార్థులతో ఉన్న అంతరం దాదాపు సగానికి తగ్గింది. అయితే 2023లో 22 కళాశాలల్లో జరిగిన పెద్ద అధ్యయనంలో, ఆ విద్యార్థులు ఇమడడానికి నిజంగా అవకాశాలున్న చోటనే ఇది పనిచేసిందని తేలింది. ఆదరణ లేని చోట మంచి మాట ఒక్కటే ఏమీ చేయలేదు.

ఆ ఆదరణ ఉందో లేదో తెలుసుకోవడానికి నేను బడుల్లో చేయించే పని ఒకటుంది. పిల్లలందరి పేర్లూ స్టాఫ్ రూము గోడకు అంటిస్తాం. ఏ పిల్లతో చదువు కాని విషయం కూడా మాట్లాడేంత చనువుందో, ఆ పేరు పక్కన ప్రతి ఉపాధ్యాయుడూ ఒక చుక్క పెట్టాలి. కొన్ని పేర్ల పక్కన చుక్కలు గుత్తులుగా చేరతాయి. కొన్నింటి పక్కన ఒక్కటీ ఉండదు. చుక్కలేని పేర్లను ఆరోజే పంచుకుంటాం, ఒక్కొక్కరికి ఇద్దరో ముగ్గురో. గేటు దగ్గర పేరుపెట్టి పలకరించడం, బడికి రానిరోజు ఎందుకు రాలేదో మర్నాడు అడగడం, వారానికి ఒకసారైనా రెండు నిమిషాలు కూర్చుని మాట్లాడడం వాళ్ల బాధ్యత. రెండు నెలల తర్వాత అదే జాబితా మళ్లీ గోడకెక్కాలి. కొత్త చుక్కలు ఎక్కడ పడ్డాయో చూసి, ఇంకా ఖాళీగా ఉన్న పేర్లను ఈసారి వేరే ఉపాధ్యాయులకు అప్పగించండి.