పికోఫారాడ్లు ఒక్కటే చాలవు

సొంతంగా ట్రాన్స్‌మిటర్ యాంప్లిఫయర్ కట్టుకునేవారు వేరియబుల్ కెపాసిటర్ (రేకులను తిప్పి విలువ మార్చుకునే కెపాసిటర్) కొనేముందు అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని పికోఫారాడ్లు?’ అని, అంటే దాని కెపాసిటెన్స్ ఎంత అని. అడగాల్సిందే. కానీ కెపాసిటర్‌ను కాల్చేది ఆ అంకె కాదు.

ప్లేటు (ఆనోడ్) మీద 2,500 వోల్టులతో 0.5 ఆంపియరు లాగే ఒక వాల్వు (వ్యాక్యూమ్ ట్యూబ్) యాంప్లిఫయర్‌నే తీసుకుందాం. అవుట్‌పుట్‌లో వాల్వును యాంటెన్నాకు సరిపోల్చే మామూలు పై (π) నెట్‌వర్క్: వాల్వు వైపు ట్యూన్ కెపాసిటర్, యాంటెన్నా వైపు లోడ్ కెపాసిటర్, మధ్యలో కాయిల్. వాల్వు కోరే లోడు సుమారు 2,900 ఓములు. క్యూ విలువ (సర్క్యూట్‌లో నిలిచే శక్తికీ బయటికి పోయే శక్తికీ ఉన్న నిష్పత్తిని తెలిపే అంకె) 12 అనుకుంటే 3.6 మెగాహెర్ట్జ్ దగ్గర ట్యూన్ కెపాసిటర్ 180 పికోఫారాడ్లు ఉండాలి. 28 మెగాహెర్ట్జ్‌కు 23 చాలు. అందులోనూ వాల్వు సొంత కెపాసిటెన్స్, వైర్ల వాటా ముందే కలిసి ఉంటాయి. రేకులను పూర్తిగా విప్పినా 30 కంటే దిగని కెపాసిటర్‌తో ఆ బ్యాండులో క్యూ పెరిగిపోయి కాయిల్ వేడెక్కుతుంది. అందుకే నేనైతే గరిష్ఠం కంటే ముందు కనిష్ఠమే చూస్తాను.

తరువాత రేకుల మధ్య ఖాళీ. మిల్లీమీటరు గాలి సుమారు 3,000 వోల్టులను ఆపుతుందని పుస్తకాల లెక్క. అది నునుపైన, సమతలమైన ఉపరితలాలకు. రేకు అంచు పదునుగా ఉన్నా, దుమ్ము పేరుకున్నా అంతకంటే చాలా ముందే నిప్పురవ్వ దూకుతుంది. యాంటెన్నా సరిగా లేనప్పుడు వోల్టేజీ ఇంకా ఎగబాకుతుంది కాబట్టి ఈ యాంప్లిఫయర్‌కు 2 మిల్లీమీటర్ల ఖాళీ దండగ కాదు. అయితే ఖాళీ రెట్టింపయితే కెపాసిటెన్స్ సగమవుతుంది. దాన్ని పూడ్చాలంటే రేకులు పెంచాలి, వాటితో పాటు కనిష్ఠమూ పెరుగుతుంది.

చాలామంది మరచిపోయేది కరెంటు. వాల్వు లాగేది అర ఆంపియరే అయినా, ముందు చెప్పిన లెక్కన ట్యూన్ కెపాసిటర్ గుండా తిరిగే రేడియో కరెంటు 6 ఆంపియర్ల పైమాట. అదంతా తిరిగే ఇరుసును ఒరుసుకునే చిన్న స్ప్రింగు పత్తీ మీదుగా పోవాలి. అది నల్లబడి, వదులుగా ఉంటే రేకులు ఎంత మెరుస్తున్నా ఆ కెపాసిటర్‌ను వదిలేయడమే మేలు.

లోడ్ కెపాసిటర్ సంగతి తేలిక. దానికి వోల్టేజీ తక్కువ, పికోఫారాడ్లు ఎక్కువ. 50 ఓముల దగ్గర 800 వాట్లకు శిఖర వోల్టేజీ 280 చుట్టూ ఉంటుంది, 3.6 మెగాహెర్ట్జ్‌కు దాదాపు 1,080 పికోఫారాడ్లు కావాలి. పాత రేడియోల్లోని 365 పికోఫారాడ్ల మూడు గ్యాంగులను (ఒకే ఇరుసు మీద తిరిగే విభాగాలను) కలిపితే సరిగ్గా అక్కడికి చేరుతుంది.

వ్యాక్యూమ్ వేరియబుల్ కెపాసిటర్ దొరికితే ఖాళీకీ కనిష్ఠానికీ మధ్య ఈ తగవు చాలావరకు తీరుతుంది. లోపల గాలి లేదు కాబట్టి రేకుల బదులు ఉండే లోహపు గొట్టాలు ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉండొచ్చు. వాడినది కొంటే మాత్రం లోపలికి గాలి చొరబడలేదని హై వోల్టేజీ పరీక్షతో తేల్చుకున్నాకే యాంప్లిఫయర్‌లో బిగించాలి.