చిన్న సినిమా యూనిట్‌లో ఎవరెవరు ఉంటారు: అపోహలు - వాస్తవాలు

స్వతంత్ర చిత్రాలకు, అంటే పెద్ద నిర్మాణ సంస్థల అండ లేకుండా తీసే చిన్న సినిమాలకు, ప్రొడక్షన్ వ్యవహారాలు చూడటం నా వృత్తి. మా యూనిట్లలోకి మనుషులు ఏ పని వదిలి వస్తారు, ఎంత తెలిసి వస్తారు అన్నదానిపై బయట స్థిరపడిన కొన్ని అభిప్రాయాలు పనికొచ్చేవారిని దూరం పెడుతున్నాయి, కొందరిని తగని చోట కూర్చోబెడుతున్నాయి.

అపోహ: ఉద్యోగం విసుగెత్తిన ఇంజనీర్లు కెమెరా అద్దెకు తెచ్చుకుని తీసేవే స్వతంత్ర చిత్రాలు.

వాస్తవం: ఇంజనీర్లు ఉన్నమాట నిజమే కానీ, సినిమా నేర్చుకోకుండా వచ్చారనడం సరికాదు. నగేశ్ కుకునూర్ కెమికల్ ఇంజనీరు. అమెరికాలో పర్యావరణ కన్సల్టెంటుగా సంపాదించిన డబ్బుతో 1998లో ‘హైదరాబాద్ బ్లూస్’ తీశారు. శేఖర్ కమ్ముల కంప్యూటర్ సైన్స్ చదివి, ఉద్యోగం కూడా చేసి, హోవర్డ్ విశ్వవిద్యాలయంలో సినిమా చదువు చదివాకే ‘డాలర్ డ్రీమ్స్’ మొదలుపెట్టారు. ఐఐటీ బొంబాయిలో చదివిన రజ్నేశ్ దోమల్‌పల్లికి ‘వనజ’ కొలంబియా విశ్వవిద్యాలయంలో థీసిస్ చిత్రం. 2007 బెర్లిన్ చిత్రోత్సవంలో దానికి ఉత్తమ తొలి చిత్రం పురస్కారం దక్కింది. పాత వృత్తి వీరికి డబ్బునో క్రమశిక్షణనో ఇచ్చి ఉండవచ్చు గానీ, సినిమా భాషను మాత్రం విడిగానే నేర్చుకోవలసి వచ్చింది.

అపోహ: నటులే కొత్తవారైనప్పుడు సాంకేతిక నిపుణులూ కొత్తవారైతే నష్టం లేదు.

వాస్తవం: చిన్న సినిమాలను ఎక్కువగా దెబ్బతీసే నమ్మకం ఇదే. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో ఎక్కువమంది ఆ ప్రాంతపు మనుషులే నటించారు, నిర్మాత ప్రవీణ పరుచూరి వృత్తిరీత్యా అమెరికాలో గుండె వైద్యురాలు. ఇలాంటి ఉదాహరణలు చూసి, ఎవరైనా ఏ పనైనా చేయగలరని అనుకుంటారు. నిజానికి కొత్త నటుడు గీసిన గుర్తు మీద నిలబడడు, ప్రతి టేక్‌లోనూ ఒకేలా కదలడు, కాబట్టి నటుడు కదిలే కొద్దీ దృశ్యం మసకబారకుండా లెన్స్ సరిచేసే ఫోకస్ పుల్లర్ మరింత అనుభవజ్ఞుడై ఉండాలి. వీధిలో సహజంగా పలికిన మాటను ఆ నటుడు నెలల తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో పెదవులకు సరిపడేలా మళ్లీ పలకడం చాలా కష్టం. అందువల్ల షూటింగ్‌లోనే మాటలను రికార్డు చేసే సింక్ సౌండే దిక్కు. అనుభవమున్న సౌండ్ రికార్డిస్టు ఇంట్లోకి అడుగుపెట్టగానే ఫ్యాన్, ఫ్రిజ్, బోరు మోటారు ఎక్కడున్నాయో వెతుకుతాడు, రేకుల కప్పు కింద దుప్పట్లు కట్టిస్తాడు, సీను అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి ఆ గది నిశ్శబ్దాన్ని కూడా కాసేపు రికార్డు చేసుకుంటాడు. ఎడిటింగ్‌లో మాటల మధ్య ఖాళీలు పూడ్చేది ఆ నిశ్శబ్దమే. పారితోషికం తగ్గించుకోవాలని ఈ కుర్చీలో నేర్చుకునేవారిని పెట్టే నిర్ణయానికి నేను ఎన్నడూ ఒప్పుకోను.

అపోహ: పెళ్లి వీడియోలు, వార్తా చానళ్లు, నాటకాల నుంచి వచ్చినవారు సినిమాకు పనికిరారు.

వాస్తవం: ఈ మాట అన్యాయం. ముహూర్తం రెండోసారి రాదు కాబట్టి, ఉన్న వెలుతురులోనే ఒక్క అవకాశంలో దృశ్యాన్ని పట్టుకోవడం పెళ్లి కెమెరామన్‌కు అలవాటు. అతనికి నేర్పవలసింది పాత్రల చూపు దిశలు కట్ నుంచి కట్‌కు కలిసేలా షాట్లు విడగొట్టడం. పరిషత్తు నాటకాలకు మేకప్, రంగాలంకరణ చేసినవారు తక్కువ ఖర్చులో త్వరగా పని ముగిస్తారు, అయితే రంగస్థలంపై దూరానికి వేసే మేకప్ క్లోజప్‌లో పనికిరాదని గ్రహించాలి. కంపెనీల్లో సర్వర్లు, బ్యాకప్‌లు చూసినవారు తీసిన ఫుటేజీని భద్రపరిచే డేటా పనికి చక్కగా సరిపోతారు: ఫుటేజీ కనీసం రెండు వేర్వేరు డ్రైవ్‌లలోకి చేరి, సరిచూసుకునేదాకా కెమెరా మెమరీ కార్డును ఫార్మాట్ చేయకూడదన్న నియమం వారికి ఎవరూ గుర్తుచేయనక్కరలేదు.

అపోహ: స్వతంత్ర చిత్రమంటే అందరూ ఇష్టంతో ఉచితంగా పనిచేస్తారు.

వాస్తవం: దర్శకుడు, రచయిత, ఎడిటర్ తమ వాటా విడుదల తర్వాత తీసుకోవడానికి ఒప్పుకోవచ్చు, అదైనా కాగితం మీద ఉండాలి. లైట్‌మెన్, డ్రైవర్లు, వంటవారు అలాంటి స్థితిలో ఉండరు. వారి బత్తా ఏ రోజుకారోజు చేతికి అందాలి, బడ్జెట్ వేసేటప్పుడు మొదట రాయవలసిన పద్దు కూడా అదే.